రిఫ్ వెంట వెళ్లండి: రాక్, మెటల్ పాటలతో మీ సొంత జాబితా తయారు చేసుకునే మార్గదర్శి

మన చెవి సినిమా పాటతో పెరిగింది. పల్లవి ఎప్పుడొస్తుంది, గొంతు ఎవరిది, సాహిత్యం ఏమంటోంది అని వెతుక్కుంటుంది. అదే అలవాటుతో మెటల్ పాట పెడితే మొదటి నిమిషంలోనే "ఏంటీ గోల" అనిపించడం సహజం. ఎందుకంటే ఈ సంగీతంలో పాట బరువును ఎక్కువగా మోసేది రిఫ్. గిటార్ మీద పదే పదే తిరిగే చిన్న స్వరాల వరసను రిఫ్ అంటారు. చాలా పాటల్లో గొంతు దాని మీద ఎక్కి ప్రయాణిస్తుంది. చెవి రిఫ్‌ను పట్టుకోవడం నేర్చుకుంటే ఆ గోలలోంచి పాట బయటికి వస్తుంది.

నాకు బాగా ఇష్టమైన పాటలను ఇక్కడ ఒక వరసలో పెట్టాను. ఇవి ర్యాంకులు కావు. ఒక పాట నేర్పింది తర్వాతి పాటలో పనికొస్తుంది, అందుకే ఈ వరస. చివరికి వచ్చేసరికి నా జాబితా పక్కన పెట్టేసి మీ జాబితా మీరు రాసుకోగలగాలి.

1. ముందుగా వినే ఏర్పాట్లు

ఫోన్ స్పీకర్ మీద మెటల్ వినకండి. చిన్న స్పీకర్‌లో బేస్ గిటార్ (కింది స్వరాలు వాయించేది), కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) దాదాపు మాయమైపోతాయి. మిగిలేది గిటార్ పైపొర, గొంతు మాత్రమే. "గోల" అన్న అభిప్రాయం చాలామందికి అక్కడే పుడుతుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. బేస్ బూస్ట్ ఉంటే ఆపేయండి. డిస్టార్షన్ (కావాలని గరగరలాడేలా చేసిన శబ్దం) ఉన్న గిటార్‌లోనే కింది స్వరాలు దట్టంగా ఉంటాయి, వాటికి ఇంకా బేస్ కలిపితే అన్నీ ముద్దగా వినపడతాయి.

వాల్యూమ్ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క గుర్తుంచుకోండి. సగటున 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి తగ్గుతుంది. విన్న తర్వాత చెవిలో గుయ్‌మని మోగితే ఆ రోజుకు ఆపేయాలి. ఈ సంగీతం తక్కువ వాల్యూమ్‌లో కూడా బరువుగానే ఉంటుంది, ఆ బరువు రిఫ్‌లోంచి వచ్చేది కాబట్టి.

యాప్‌లో పాట పేరు కొడితే స్టూడియో రికార్డింగ్, లైవ్, వేరేవాళ్లు పాడిన కవర్ అన్నీ కలిసి వస్తాయి. మొదటిసారి వినడానికి అసలు ఆల్బమ్‌లో ఉన్న స్టూడియో రికార్డింగే వెతుక్కోండి. ఆల్బమ్ పేర్లు, సంవత్సరాలు ఇక్కడ ఇచ్చింది అందుకే.

2. ఒక్కో వాయిద్యాన్నీ విడదీసి వినడం

మొదటి పాట డీప్ పర్పుల్ వాళ్ల 'స్మోక్ ఆన్ ద వాటర్'. 1972లో వచ్చిన 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌లో ఉంది. ప్రపంచంలో గిటార్ పట్టుకున్న ప్రతివాళ్లూ వాయించి చూసే రిఫ్ ఇది. అరిగిపోయిన పాట అని కొందరు తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. చెవికి శిక్షణ ఇవ్వడానికి ఇంతకంటే మంచి పాట నాకు తెలియదు. ఇందులో వాయిద్యాలు ఒకటి తర్వాత ఒకటి వచ్చి చేరతాయి. ముందు రిచీ బ్లాక్‌మోర్ గిటార్ ఒక్కటే. ఆ తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లో ఉండే జంట తాళాలు), ఆర్గాన్. తర్వాత మిగతా డ్రమ్స్. ఆపైన బేస్. ఇవన్నీ కుదురుకున్నాకే ఇయాన్ గిలన్ గొంతు విప్పుతాడు.

పాటను నాలుగుసార్లు వినండి. మొదటిసారి గిటార్ రిఫ్ ఒక్కదాన్నే చివరిదాకా వెంబడించండి. రెండోసారి జాన్ లార్డ్ ఆర్గాన్. దానికీ డిస్టార్షన్ ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని ఇంకో గిటార్ అనుకుంటారు. మూడోసారి బేస్. గిటార్ ఆగి ఆగి వాయిస్తుంటే బేస్ ఒకే స్వరాన్ని ఆపకుండా తోస్తూ ఉంటుంది. పాట ముందుకు కదులుతున్నట్టు అనిపించేది దానివల్లే. నాలుగోసారి మాటలు చదువుతూ వినండి.

మాటల్లో ఉన్నది జరిగిన కథే. 1971 డిసెంబర్ 4న స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఫ్లేర్ (మంట చిమ్మే తూటా) పేల్చారు. క్యాసినో మొత్తం కాలిపోయింది. అక్కడే ఆల్బమ్ రికార్డు చేద్దామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు జెనీవా సరస్సు మీద పొగ పరుచుకోవడం చూశారు. తర్వాత ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్‌లో, రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ ట్రక్కు అద్దెకు తెచ్చుకుని ఆల్బమ్‌లో ఎక్కువ భాగం పూర్తి చేశారు. పాటలో ఇదంతా వరసగా చెప్పేస్తారు.

3. మూలం దగ్గరికి: బ్లాక్ సబ్బాత్

ఇక్కడ తొందరపడకండి. ఒక వారమంతా ఈ ఒక్క బ్యాండే విన్నా ఎక్కువ కాదు. మెటల్ అని మనం పిలుస్తున్న దాంట్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో, ఈ నలుగురి చేతుల్లో రూపు దిద్దుకుంది.

గిటారిస్టు టోనీ ఐయోమీ కథ తెలిస్తే ఆ శబ్దం ఎందుకలా ఉంటుందో అర్థమవుతుంది. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుండగా యంత్రంలో పడి అతని కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. అది అక్కడ అతని ఆఖరి పనిరోజు. అతనిది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. నొక్కడం తేలికవ్వాలని సన్నటి తీగలు వేసుకున్నాడు. 1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌కి వచ్చేసరికి శ్రుతి బాగా తగ్గించాడు. తీగ వదులైంది, శబ్దం కిందికి దిగింది, బరువెక్కింది. ఇవాళ లోకం నిండా ఉన్న మెటల్ బ్యాండ్లు శ్రుతి దించి వాయిస్తున్నాయంటే ఆ దారి వేసింది ఇతనే.

ఇప్పుడు 'బ్లాక్ సబ్బాత్' అనే పాట పెట్టండి. ఆల్బమ్ పేరూ అదే, 1970 ఫిబ్రవరి 13, శుక్రవారం నాడు విడుదలైంది. వాన, ఎక్కడో చర్చి గంట, ఆ తర్వాత మూడే స్వరాల రిఫ్. కర్ణాటక సంగీతం కొద్దిగా తెలిసినవాళ్లకు ఇది చాలా తేలిక: షడ్జమం, పైస్థాయి షడ్జమం, ప్రతి మధ్యమం. కల్యాణిలో మనం ఎంతో హాయిగా వినే ప్రతి మధ్యమమే ఇది. ఇక్కడ చుట్టూ వేరే స్వరాలేవీ లేకుండా, పంచమానికి చేరకుండా, నెమ్మదిగా కదిలిస్తూ నిలబెడతారు. దిగాల్సిన చోటికి దిగకపోవడమే భయం పుట్టిస్తుంది. పాట చివరి భాగంలో వేగం ఒక్కసారిగా మారిపోతుంది, దానికోసం ఆగండి.

తర్వాత అదే ఏడాది వచ్చిన 'పారనాయిడ్' ఆల్బమ్‌లోంచి 'వార్ పిగ్స్'. యుద్ధానికి పేదవాళ్లను పంపే నాయకుల మీద రాసిన పాట ఇది. ఇందులో ఓజీ ఆస్‌బోర్న్ పాడుతున్నప్పుడు గిటార్ రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతుంది. మధ్యలో హై-హ్యాట్ ఒక్కటే లెక్క నిలబెడుతుంది. వేలితో బల్ల మీద ఆ హై-హ్యాట్‌తో పాటు కొట్టి చూడండి. మెటల్‌లో నిశ్శబ్దం కూడా రిఫ్‌లో భాగమేనని తెలుస్తుంది. బిల్ వార్డ్ డ్రమ్స్‌లో జాజ్ వాసన కూడా ఇక్కడే పట్టుకోవచ్చు.

ఈ నలుగురూ కలిసి చివరిసారి వాయించింది 2025 జూలై 5న, సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్‌లో. జూలై 22న ఓజీ కన్నుమూశాడు. ఆ వార్త తర్వాత నేను ముందు పెట్టుకున్నది 'వార్ పిగ్స్' పాటనే.

4. తాళం లెక్క

మనవాళ్లకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది. తాళం వేసే అలవాటు, గణాలు తెలిసిన చదువు, ఈ రెండూ మెటల్ వినడానికి నేరుగా పనికొస్తాయి.

లెడ్ జెపెలిన్ 1975లో 'ఫిజికల్ గ్రాఫిటీ' ఆల్బమ్‌లో ఇచ్చిన 'కశ్మీర్' పెట్టండి. జాన్ బోనమ్ డ్రమ్స్ నాలుగు లెక్కలో నడుస్తాయి. గిటార్ రిఫ్ మూడు లెక్కలో తిరుగుతుంది. కాలితో నాలుగు కొడుతూ నోటితో మూడు లెక్కపెట్టండి. పన్నెండు దగ్గర రెండూ కలుసుకుంటాయి. కలిసే ఆ చోటు పట్టుకున్నాక ఎనిమిది నిమిషాల పైన సాగే పాట అస్సలు పొడుగనిపించదు. పేరు కశ్మీర్ అయినా పాట పుట్టింది మొరాకో దక్షిణాన ఎడారి దారిలో. అప్పటికి బ్యాండ్‌లో ఎవరూ కశ్మీర్ చూడలేదు.

ఐరన్ మెయిడెన్ వాళ్ల 'ది ట్రూపర్' దీనికి పూర్తిగా వేరే దారి. 1983లో వచ్చిన 'పీస్ ఆఫ్ మైండ్' ఆల్బమ్. క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబర్ 25న బాలాక్లావా దగ్గర బ్రిటిష్ అశ్వదళం ఫిరంగుల మీదికి దూసుకెళ్లిన ఘటన మీద రాశారు. గుర్రం దౌడులాంటి ఆ లయను గ్యాలప్ అంటారు. ఒక దీర్ఘం, రెండు పొట్టి. మన భాషలో చెప్పాలంటే భగణం: గురువు, లఘువు, లఘువు. 'తా-తక తా-తక' అనుకుంటూ స్టీవ్ హారిస్ బేస్‌ని వెంబడించండి. అతను పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వాడడు, ఆ వేగమంతా వేళ్లతోనే.

తాళం మీద నిజంగా ఇష్టం పుట్టినవాళ్లు టూల్ బ్యాండ్ 2001లో ఇచ్చిన 'లాటరలస్' కూడా ఇక్కడే వినాలి. మొదటి చరణంలో అక్షరాల సంఖ్య 1, 1, 2, 3, 5, 8 అని పెరిగి మళ్లీ 5, 3 అని దిగుతుంది. కోరస్ తొమ్మిది, ఎనిమిది, ఏడు లెక్కల మీద తిరుగుతుంది. చరణంలోని ఆ 1, 1, 2, 3, 5, 8 వరసను ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి పేరుతో లోకం పిలుస్తుంది. మన ఛందోవేత్తలు విరహాంకుడు, హేమచంద్రుడు ఆయనకంటే ముందే దీన్ని మాత్రల లెక్కలో గుర్తించారు. నాలుగు మాత్రలను లఘు గురువులతో ఐదు రకాలుగా నింపవచ్చు, ఐదు మాత్రలను ఎనిమిది రకాలుగా. కాగితం మీద వేసి చూసి, ఆ తర్వాత పాట వినండి. ఆ చరణం మీకు ఇంకెవరికంటే దగ్గరగా వినపడుతుంది.

5. పొడుగు పాటలను ముక్కలు చేసుకుని వినడం

ఏడెనిమిది నిమిషాల పాట అంటే కొత్తవాళ్లకు టెన్షన్. పల్లవి కోసం ఎదురుచూడకుండా, రిఫ్ మారిన ప్రతి చోటా ఒక గీత గీసుకోండి. కాగితం మీద "ఇక్కడ నెమ్మది", "ఇక్కడ కొత్త రిఫ్", "ఇక్కడ సోలో" (ఒక్క గిటార్ ముందుకొచ్చి వాయించే భాగం) అని నిమిషాలు వేసుకుంటే చాలు.

దీనికి నేను ఎంచుకునే మొదటి పాట ఐరన్ మెయిడెన్ 'హాలోవ్డ్ బీ దై నేమ్'. 1982, 'ది నంబర్ ఆఫ్ ద బీస్ట్' ఆల్బమ్‌లో ఆఖరి పాట. ఉరికంబం ఎక్కబోయే మనిషి చివరి గడియలు. గంట మోగుతుంది, బ్రూస్ డికిన్‌సన్ మెల్లగా మొదలుపెడతాడు, ఆ తర్వాత గొంతును సాగదీస్తూ ఒక్కసారిగా పైకి లేపేచోట పాట తలుపులు తెరుచుకుంటాయి. డేవ్ మర్రే, ఏడ్రియన్ స్మిత్ గిటార్లు జంటగా, ఒకటి కింద ఒకటి పైన, ఒకే వరసను వాయిస్తాయి. ఎడమ చెవిలో ఒకటి, కుడి చెవిలో ఒకటి విడదీసి వినడానికి ప్రయత్నించండి. నా జాబితాలో ఎప్పుడూ కదలని పాట ఇదే.

రెండోది మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. అదే పేరున్న ఆల్బమ్ 1986 మార్చిలో వచ్చింది, రికార్డు చేసింది డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో. మత్తుమందు మనిషిని ఎలా ఆడిస్తుందో మత్తుమందు నోటితోనే చెప్పించిన పాట. జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఆ రిఫ్‌ను పిక్‌తో పైనుంచి కిందికి మాత్రమే కొడతాడు. కిందికీ పైకీ కొడితే శ్రమ సగమవుతుంది, కానీ ఆ కరుకుదనం రాదు. ఇంచుమించు మూడున్నర నిమిషాల దగ్గర అంతా ఆగి, డిస్టార్షన్ లేని గిటార్ ఒకటి విచ్చుకుంటుంది. తిరిగి బరువు పెరిగే తీరును జాగ్రత్తగా గమనించండి. ఒక్క దెబ్బకు పెరగదు, మెట్టు మెట్టుగా పెరుగుతుంది.

అదే ఆల్బమ్‌లోని 'ఓరియన్' పాటలో గొంతే లేదు. ఇంతవరకు రిఫ్‌ను వెంబడించడం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఇదే పరీక్ష. మధ్యలో అంతా నెమ్మదించే భాగాన్ని క్లిఫ్ బర్టన్ బేస్ నడిపిస్తుంది. ఆల్బమ్ వచ్చిన కొన్ని నెలలకే, 1986 సెప్టెంబర్ 27న, స్వీడన్‌లో బస్సు బోల్తాపడి అతను చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఆ భాగం వింటుంటే ఆ సంగతి మనసులోంచి పోదు.

'వన్' 1988 నాటిది, 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ, వినికిడీ, మాటా పోగొట్టుకున్న సైనికుడి కథ. డాల్టన్ ట్రంబో నవల దీనికి ఆధారం. సగం దాటాక డబుల్ బేస్ డ్రమ్స్ (రెండు కాళ్లతో కొట్టే కిక్ డ్రమ్స్) మెషీన్ గన్‌లా పేలే చోట రిఫ్, డ్రమ్స్ ఒక్క కొలతలో కలిసి కొడతాయి. ఈ ఆల్బమ్‌లో బేస్ గిటార్ దాదాపు వినపడదు. మీ ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయని అనుకోకండి, మిక్సింగ్‌లోనే అలా చేశారు.

6. గ్రౌల్, వేగం

చాలామంది ఆగిపోయేది ఇక్కడ. గొంతు లోతుల్లోంచి గర్జించినట్టు పాడటాన్ని గ్రౌల్ అంటారు. దాన్ని నేరుగా కాకుండా మామూలు గొంతు పక్కనే విన్నప్పుడు అర్థం తెలుస్తుంది. అందుకే స్టాక్‌హోమ్ బ్యాండ్ ఓపెత్ 2001లో ఇచ్చిన 'ది డ్రేపరీ ఫాల్స్'తో మొదలుపెట్టమంటాను. ఆల్బమ్ పేరు 'బ్లాక్‌వాటర్ పార్క్'. మికాయెల్ ఒకర్‌ఫెల్ట్ ఒక్కడే రెండు గొంతులూ పాడతాడు. మెత్తటి గొంతు ఎక్కడ చాలడం లేదో అక్కడ గ్రౌల్ వస్తుంది. మాటలు అర్థం కావాలని పట్టుబట్టకుండా దాన్ని ఇంకో వాయిద్యంగా వినండి.

వేగానికి స్లేయర్ 'రెయినింగ్ బ్లడ్', 1986. ఆల్బమ్ మొత్తం అరగంట కూడా ఉండదు. డేవ్ లొంబార్డో డ్రమ్స్ వెంట పరిగెత్తలేకపోతే స్నేర్ (టప్పుమని మోగే చిన్న డ్రమ్) ఒక్కదాన్ని పట్టుకుని మిగతావి వదిలేయండి. ఈ రెండూ నచ్చకపోతే నష్టం లేదు, ఆర్నెల్ల తర్వాత మళ్లీ పెట్టి చూడండి.

7. మీ జాబితా

ఇప్పుడు రాయండి. పన్నెండు పాటలకు మించొద్దు. ఒక బ్యాండ్‌కు రెండు పాటలకంటే ఎక్కువ ఇవ్వొద్దు. ఈ హద్దులు లేకపోతే జాబితా కాస్తా గోడౌన్ అయిపోతుంది. హద్దు ఉంటేనే ఏది తీసేయాలో ఆలోచిస్తారు, ఆ ఆలోచనలోనే మీ ఇష్టం ఏమిటో మీకు తేటపడుతుంది.

ప్రతి పాట పక్కన ఒక్క వాక్యం రాసుకోండి: ఏ క్షణం మిమ్మల్ని పట్టుకుంది? "సూపర్ పాట" అని రాస్తే లెక్కలోకి రాదు. "సోలో అయిపోయి రిఫ్ తిరిగొచ్చే చోట" అని రాస్తే వస్తుంది. ఆ వాక్యం రాయలేని పాటను పక్కన పెట్టి, మళ్లీ విని చూడండి. మొదటిసారి ఉర్రూతలూగించిన కొన్ని పాటలు నెలలో చప్పబడతాయి. మొదట ఏమీ అనిపించని కొన్ని పాటలు మెల్లగా లోపలికి దిగుతాయి. అందుకే కొత్త పాటను జాబితాలో చేర్చేముందు కనీసం రెండు వారాలు ఆగడం మంచిది.

వాక్యాలన్నీ ఒకచోట చదివితే ఒక పోలిక కనిపిస్తుంది. నెమ్మదిగా బరువుగా సాగే పాటలే ఎక్కువ ఉంటే మీది డూమ్ దారి. అప్పుడు సబ్బాత్ పాత ఆల్బమ్‌లన్నీ పూర్తిగా వినండి. జంట గిటార్లు, పైస్థాయి గొంతు నచ్చితే జూడాస్ ప్రీస్ట్, రానీ జేమ్స్ డియో పాడిన పాటలు. ఆయన సబ్బాత్‌తో చేసిన 'హెవెన్ అండ్ హెల్' 1980లో వచ్చింది, తప్పనిసరి. వేగం నచ్చితే మెగాడెత్ 'రస్ట్ ఇన్ పీస్', 1990. లెక్కలు నచ్చితే డ్రీమ్ థియేటర్.

మన దేశపు బ్యాండ్లను కూడా ఈ దశలోనే చేర్చండి. కొచ్చికి చెందిన మదర్‌జేన్ 2008లో ఇచ్చిన 'మక్తూబ్' ఆల్బమ్‌లో బైజు ధర్మజన్ గిటార్ మీద కర్ణాటక గమకాలు పలికిస్తాడు. చెవి అక్కడ వెంటనే ఇంటికి చేరినట్టు కుదురుకుంటుంది. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ 2022 నాటి 'రక్షక్'లో ఢోలు, వేణువు మెటల్ రిఫ్‌తో కలిసి నడుస్తాయి. ఢోలు దెబ్బ ఒంటికి తగిలినవాళ్లకు దాన్ని వివరించాల్సిన పని లేదు.

8. స్టూడియో నుంచి లైవ్‌కి

స్టూడియో రికార్డింగ్ బాగా అలవాటయ్యాకే లైవ్ వినండి, తేడా అప్పుడే తెలుస్తుంది. ఐరన్ మెయిడెన్ 'ఫియర్ ఆఫ్ ద డార్క్' 1992లో వచ్చింది. నాకు మాత్రం 2001 జనవరిలో రియోలో వాయించిన లైవే అసలైనది. గిటార్ రిఫ్‌ను జనం మొత్తం గొంతెత్తి పాడతారు. మాటలు కాదు, గిటార్ వరసనే.

మెయిడెన్ 2007 మార్చి 17న, మెటాలికా 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు హైదరాబాద్ నుంచి, సీమ నుంచి బస్సులెక్కి వెళ్లినవాళ్లున్నారు. అలాంటి కచేరీకి మీరు వెళ్లే రోజు వస్తే రెండు పనులు చేయండి. ముందు ఆ పర్యటనలో వాయిస్తున్న పాటల వరస నెట్‌లో చూసుకుని, తెలియనివాటిని కనీసం ఒకసారి విని వెళ్లండి. రెండోది, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. మెడికల్ షాపుల్లో దొరికే మామూలు ఫోమ్ ప్లగ్స్ పైస్వరాలను ఎక్కువగా మింగేస్తాయి కానీ చెవిని కాపాడతాయి. సంగీతం కోసమే చేసిన ప్లగ్స్ అయితే అన్ని స్వరాలనూ సమానంగా తగ్గిస్తాయి, రిఫ్ స్పష్టంగా వినపడుతుంది. మొదటి పాట మొదలవకముందే పెట్టుకోండి.